పాత పికప్ ఇంజిన్ మిస్ అవుతుంటే: లోపాన్ని వరుసగా వెతికి పట్టుకునే పద్ధతి

"బండి స్టార్ట్ అవుతుంది కానీ స్లోలో నిలబడదు, ఇంజిన్ ఊగిపోతోంది. ఏం మార్చాలి?" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. (స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే నిదానపు వేగం; మిస్ అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం.) అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ప్లగ్గులు, కాయిల్ (ప్లగ్గులకు కావాల్సిన ఎక్కువ వోల్టేజి తయారు చేసేది), ఫ్యూయల్ పంపు ఒకదాని తర్వాత ఒకటి మార్చేసి ఉంటారు. డబ్బు పోయింది, కుదుపు పోలేదు. ఏం మార్చాలన్నది చివర తేలాల్సిన సంగతి. ముందు తేలాల్సింది, లోపం ఒక సిలిండర్‌లో ఉందా, అన్నింటికీ ఉమ్మడిగా ఉందా అన్నది.

ఇక్కడ చెప్పేది కార్బురేటర్ లేదా తొలితరం ఫ్యూయల్ ఇంజెక్షన్, డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంట్‌ను వంతులవారీగా ఒక్కో ప్లగ్‌కు పంచేది) ఉన్న పెట్రోల్ పికప్‌ల గురించి. నాలుగు సిలిండర్లయినా, ఆరయినా, వీ8 అయినా వరుస ఇదే. డీజిల్ బండి ఉన్నవాళ్ల కోసం చివర్లో కొంచెం ఉంది.

1. పానా పట్టే ముందు: ఎప్పుడు కుదుపుతోంది?

మొదట ఆ కుదుపు ఇంజిన్‌దేనా అన్నది తేల్చుకోండి. బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రోడ్డు మీద ఏ వేగంలో కుదుపు వచ్చిందో అప్పుడు ఇంజిన్ ఎంత ఆర్‌పీఎంలో ఉందో అంత దాకా రేస్ ఇవ్వండి. కుదుపు రాకపోతే టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని క్రాస్ జాయింట్లు చూడాలి. వచ్చి తీరుతుందన్న గ్యారంటీ మాత్రం లేదు: లోడ్ మీద మాత్రమే మిస్ అయ్యే ఇంజిన్ న్యూట్రల్‌లో బుద్ధిగానే తిరుగుతుంది. అందుకే కుదుపు వేగంతో పెరుగుతోందా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెరుగుతోందా అన్నది కూడా గమనించండి.

ఇంజిన్ శబ్దం సమంగా ఉండి క్యాబిన్ మాత్రమే వణుకుతుంటే మౌంటింగ్ రబ్బర్లు పోయి ఉంటాయి. పాత బండ్లలో ఇది మామూలే, కానీ ఎవరూ మొదట చూడరు.

కుదుపు ఇంజిన్‌దే అని తేలాక, అది ఏ సమయంలో వస్తోందో కాగితం మీద రాసుకోండి.

- చల్లగా ఉన్నప్పుడే: చోక్ సరిగా మూసుకోవడం లేదు. ఇంజెక్షన్ బండి అయితే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పు చెబుతూ ఉండొచ్చు.
- వేడెక్కాకే: చోక్ తెరుచుకోకుండా ఇరుక్కుంది, లేదా కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్ వేడికి బలహీనపడుతున్నాయి.
- స్లోలోనే, రేస్ ఇస్తే సర్దుకుంటుంది: ఎక్కడో బయటి గాలి లాగుతోంది, లేదా ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకునే ఉండిపోయింది, లేదా కార్బురేటర్‌లో స్లో జెట్ మూసుకుపోయింది.
- ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు ఉన్నప్పుడు: ముందు స్పార్క్‌నే అనుమానించండి.
- పరుగు మీద కాసేపయ్యాక నీరసం: పెట్రోల్ చాలినంత అందడం లేదు.
- తేమగా ఉన్న రోజుల్లో: ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్.

దీనికి కారణాలు సులువే. స్లోలో థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) దాదాపు మూసి ఉంటుంది, ఇంజిన్‌లోకి వెళ్లే గాలే తక్కువ. అందులో చిన్న చిల్లు నుంచి వచ్చే గాలి కూడా పెద్ద వాటాయే. రేస్ ఇస్తే అసలు గాలి పెరుగుతుంది, చిల్లు గాలి లెక్కలోకి రాదు. లోడ్ మీద జరిగేది వేరు. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. వైరుకు పగులు ఉంటే ఆ కరెంట్ ప్లగ్ దాకా వెళ్లకుండా పక్కనున్న ఇనుముకు దూకుతుంది.

ఇంకో గుర్తు లయ. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 600 ఆర్‌పీఎంలో అది సెకనుకు 5 సార్లు. సైలెన్సర్ దగ్గర నిలబడి వింటే, ఒక సిలిండర్ చచ్చిన ఇంజిన్ తాళం తప్పకుండా ఒకే వరుసలో తడబడుతుంది. లయ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు తడబడుతుంటే లోపం కాయిల్, పాయింట్లు (పాత డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంట్‌ను తెంచే స్విచ్), గాలి-పెట్రోల్ మిశ్రమం లాంటి ఉమ్మడి చోట ఉండే అవకాశం ఎక్కువ.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

- ప్లగ్ పానా, ఫీలర్ గేజ్, మల్టీమీటర్
- స్పార్క్ టెస్టర్ (ప్లగ్ వైరుకు తగిలించేది)
- వాక్యూమ్ గేజ్, కంప్రెషన్ గేజ్, టైమింగ్ లైట్
- ఇన్సులేషన్ ఉన్న ప్లగ్ వైర్ పటకారు
- వైర్లకు నంబర్లు వేయడానికి టేపు, పెన్ను
- మూత ఉన్న గాజు సీసా
- మంటలార్పే సిలిండర్
- మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్

అన్నీ కొనలేకపోతే వాక్యూమ్ గేజ్ ఒక్కటి కొనండి. పాత ఇంజిన్ మీద అంత తక్కువ ఖర్చుతో అంత సమాచారం ఇచ్చే పనిముట్టు ఇంకోటి లేదు.

జాగ్రత్తలు ఎక్కువేం లేవు, కానీ ఒక్కటీ వదలకూడదు. ఇంజిన్ ఆరుబయటే నడపండి, మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టండి. వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, కండువా ఫ్యాన్‌కు దగ్గరగా ఉండకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇంజిన్ ఇగ్నిషన్ భాగాల దగ్గరకు రావద్దు.

3. ఏమీ విప్పకుండా చూడాల్సినవి

బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపి, కళ్లతో మొదలుపెట్టండి.

- ఊడిపోయిన, పగిలిన వాక్యూమ్ గొట్టాలు. రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లు వంపులోనే బయటపడతాయి.
- బ్యాటరీ వోల్టేజి: ఆపి ఉంచిన బండిలో 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య.
- ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు, బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలు. తుప్పు పట్టినవి విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి.
- ఎయిర్ ఫిల్టర్. ఎలుకలు గూడు కట్టిన ఫిల్టర్లు మీరనుకునే దానికంటే ఎక్కువగా కనిపిస్తాయి.
- ఆయిల్ డిప్‌స్టిక్ వాసన. పెట్రోల్ వాసన కొడుతుంటే మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు, లేదా ఫ్లోట్ ఛాంబర్ పొంగుతూ ఉండొచ్చు. ఆ ఆయిల్‌తో ఇంజిన్ నడపవద్దు.
- పొగ. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ తెరలుగా వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోంది.

ఎర్త్ సంగతి ఒక మాట. ఆ పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటర్‌ను ఇంజిన్ బ్లాక్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య పెట్టి స్టార్టర్ తిప్పించండి. 0.2 వోల్టుల కంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

4. ఒక సిలిండరా, అన్నీనా?

మిగతా పనంతా దేని వైపు వెళ్లాలో ఇక్కడే తేలుతుంది. తొందరపడకండి.

ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తెరుచుకుందని చూసుకోండి. స్లోలో నడుస్తుండగా ఒక ప్లగ్ వైరును ఇన్సులేషన్ పటకారుతో తీసి, వెంటనే దాని చివరను ఎర్త్‌కు కలపండి. వైరును గాలిలో వేలాడదీయవద్దు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో కరెంట్‌కు పోయే దారి లేకపోతే కాయిల్, మాడ్యూల్ దెబ్బతింటాయి. ఇంజిన్ ఆపి, ముందే వైరుకు పాత ప్లగ్ తగిలించి ఎర్త్‌కు క్లిప్ పెట్టుకుంటే ఇంకా భద్రం.

వైరు తీసినప్పుడు ఆర్‌పీఎం పడిపోతే ఆ సిలిండర్ పని చేస్తోందని అర్థం. ఏ మార్పూ లేకపోతే మీరు వెతుకుతున్నది అదే. ఒక్కో సిలిండర్‌కు ఎంత పడిందో రాసుకోండి.

సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే ఒక్కో సిలిండర్‌కు కొన్ని సెకన్లే కేటాయించి, మధ్యలో విరామం ఇవ్వండి. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది ఎర్రగా కాలిపోతుంది. ఇంజెక్షన్ బండ్లలో ఇంకో చిక్కుంది. కంప్యూటర్ స్లోను వెంటనే పైకి లేపేసి తేడా కనబడనివ్వదు. వీలైతే ఆ పరీక్ష జరిగినంతసేపు, స్లోను అదుపు చేసే ఐడిల్ మోటార్ కనెక్టర్ తీసి ఉంచండి.

వైర్లు తీయడానికి భయంగా ఉంటే ఇంకో దారి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, నిమిషంలోపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను ప్రతి సిలిండర్ నోటి దగ్గర కొలవండి. మిగతావి చకచకా వేడెక్కుతుంటే ఒకటి వెనకబడితే, అదే మండనిది.

ఒక సిలిండర్ దొరికాక మార్పిడి పద్ధతి:

1. దాని ప్లగ్‌ను బాగున్న సిలిండర్ ప్లగ్‌తో మార్చండి. మిస్ అటు మారితే ప్లగ్‌దే తప్పు.
2. మారకపోతే వైరు మార్చి చూడండి, పొడవు సరిపోతేనే.
3. అప్పుడూ మారకపోతే, ఆ వైరుకు స్పార్క్ టెస్టర్ పెట్టండి. స్పార్క్ లేకపోతే క్యాప్ చూడాలి.
4. స్పార్క్ గట్టిగా ఉంటే నేరుగా 9వ విభాగానికి, అంటే కంప్రెషన్‌కు వెళ్లండి. మధ్యలో కార్బురేటర్ ముట్టుకోకండి.

అన్ని సిలిండర్లకూ సమానంగా పడితే 5 నుంచి వరుసగా వెళ్లండి.

5. స్పార్క్

ప్లగ్గులన్నీ తీసి, ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసగా పేర్చండి. ప్రతి ఒక్కటీ తన సిలిండర్ గురించి చెబుతుంది.

- లేత గోధుమ లేదా బూడిద రంగు: బాగుంది.
- పొడిగా మసి: పెట్రోల్ ఎక్కువ.
- పెట్రోల్‌తో తడి: స్పార్క్ రావడం లేదు, లేదా పొంగుతోంది.
- నల్లగా జిడ్డు: రింగులు లేదా వాల్వ్ సీళ్ల నుంచి ఆయిల్.
- తెల్లగా, బొబ్బలెక్కినట్టు: మిశ్రమం పల్చన, లేదా మితిమీరిన వేడి.
- ఒక్కటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా: అక్కడ కూలెంట్ దిగుతోందేమో చూడండి.

గ్యాప్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి. పాయింట్లున్న ఇగ్నిషన్‌కు మామూలుగా 0.6 నుంచి 0.8 మి.మీ., ఎలక్ట్రానిక్‌కు 0.9 నుంచి 1.1 మి.మీ. చుట్టూ ఉంటుంది. కొత్త ప్లగ్ డబ్బాలోంచి సరైన గ్యాప్‌తోనే వస్తుందని నమ్మవద్దు.

వైర్లను మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు ఒకదానితో ఒకటి పోల్చండి. కార్బన్ రకం వైరుకు పొడవును బట్టి వేల ఓమ్‌లలో వస్తుంది. అందులో ఒకటి మిగతావాటికి రెండు మూడింతలు చూపితే అది అయిపోయినట్టే. పగుళ్లకు మీటర్ కంటే చీకటి మేలు. రాత్రిపూట ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద స్ప్రేతో సన్నగా నీళ్లు చల్లితే, కరెంట్ ఎక్కడ తప్పించుకుంటోందో అక్కడ నీలి మెరుపులు కనిపిస్తాయి.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి లోపలి వైపు వెలుగుకు పట్టి, నెమ్మదిగా అటూ ఇటూ వాల్చండి. రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిల్‌తో గీసినంత సన్నటి నల్లగీత ఉందా? అది మురికి కాదు, తుడిస్తే పోదు. స్పార్క్ దారి తప్పి పక్క సిలిండర్‌కు వెళ్తూ కాల్చిన దారి అది. క్యాప్ మార్చాల్సిందే. మధ్యలోని కార్బన్ బటన్ అరిగిందా, రోటర్ కొన కాలిందా అన్నదీ అప్పుడే చూడండి.

రోటర్ షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపండి. ఆట ఉంటే బుష్ అరిగింది. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు, టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) తూలుతూనే ఉంటుంది.

పాయింట్లు ఉంటే గ్యాప్ సాధారణంగా 0.35 నుంచి 0.5 మి.మీ. మధ్య. ఒక పాయింట్ మీద గుంట, ఎదుటి దాని మీద బొడిపె లేచి ఉంటే పాయింట్లతో పాటు కండెన్సర్ కూడా మార్చండి.

స్పార్క్ నీలంగా, చిటపటలాడుతూ దూకితే కాయిల్ బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా ఉంటే కాయిల్‌కు చేరే వోల్టేజి ముందు చూసి, ఆ తర్వాతే కాయిల్‌ను అనుమానించండి. వేడెక్కాకే మిస్ అయ్యే బండిలో కాయిల్‌ను వేడి మీదే కొలవాలి, చల్లారాక అది ఏ తప్పూ చూపదు.

6. ఫైరింగ్ ఆర్డర్, టైమింగ్

"ప్లగ్ వైర్లు మార్చాక మొదలైంది" అనేవాళ్లు ముందు ఇక్కడికి రండి. వైర్ల వరుస, అంటే ఏ సిలిండర్ తర్వాత ఏది మండుతుందన్న ఫైరింగ్ ఆర్డర్, ఇంజిన్‌ను బట్టి మారుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఎక్కువగా 1-3-4-2, వరుస ఆరు సిలిండర్లకు 1-5-3-6-2-4. షెవ్రొలే పాత వీ8కు 1-8-4-3-6-5-7-2. ఫోర్డ్ పాత వీ8ల్లో 302కి 1-5-4-2-6-3-7-8, 351 విండ్సర్‌కు 1-3-7-2-6-5-4-8. ఈ రెండూ బయటికి ఒకేలా కనబడతాయి, ఇంజిన్లు మార్చిన బండ్లలో తికమక ఇక్కడే వస్తుంది. రోటర్ ఏ వైపు తిరుగుతుందో కూడా చూసుకుని లెక్కపెట్టండి.

వరుస సరిగ్గా ఉన్నా ఒక తిరకాసు ఉంది. ఆ షెవ్రొలే వరుసలో 5 తర్వాత వెంటనే 7 మండుతుంది. ఆ రెండు సిలిండర్లూ ఒకే వైపు పక్కపక్కనే ఉంటాయి. వాటి వైర్లను కలిపి కట్టేస్తే 5వ వైరు కరెంట్ 7వ దాంట్లో స్పార్క్ పుట్టించగలదు. ఆ రెంటినీ విడివిడిగా, లేదా అడ్డంగా దాటేలా నడపండి.

టైమింగ్ చూసేటప్పుడు చాలా ఇంజిన్లకు డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూయాలి, స్లో మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. కంప్యూటర్‌తో టైమింగ్ నడిచే వాటికి వేరే కనెక్టర్ ఒకటి తీయాల్సి రావచ్చు. టైమింగ్ లైట్ వెలుగులో పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలవకుండా ఎగురుతుంటే డిస్ట్రిబ్యూటర్ బుష్ లేదా టైమింగ్ చైన్. చైన్ వదులును తేల్చడానికి క్యాప్ తీసి, క్రాంక్ పుల్లీని చేత్తో ముందుకు తిప్పి ఆపి, వెనక్కి తిప్పండి. రోటర్ కదలడం మొదలయ్యేలోపు పుల్లీ 8, 10 డిగ్రీలు తిరిగిపోతే చైన్ సాగింది.

7. బయటి గాలి, వాక్యూమ్ గేజ్

గేజ్‌ను థ్రాటిల్‌కు దిగువన, మానిఫోల్డ్ మీదున్న గొట్టానికే కలపండి. సముద్ర మట్టం దగ్గర బాగున్న ఇంజిన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య స్థిరంగా చూపుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గించుకోండి. అంకె కంటే ముల్లు కదలిక ముఖ్యం.

- స్థిరంగా తక్కువ: టైమింగ్ వెనకబడింది, లేదా గాలి లాగుతోంది.
- ఒకే లయలో టక్కున పడి లేస్తోంది: ఒక సిలిండర్‌లో కాలిన వాల్వ్ లేదా మిస్.
- నెమ్మదిగా పైకీ కిందికీ తేలుతోంది: స్లో మిశ్రమం సరిగా లేదు.
- 2500 ఆర్‌పీఎంలో పట్టి ఉంచితే మెల్లగా దిగిపోతోంది: సైలెన్సర్ లేదా కన్వర్టర్ మూసుకుపోయింది.

గాలి ఎక్కడ లాగుతోందో పట్టుకోవడానికి ఒక రబ్బరు గొట్టం చివర చెవి దగ్గర, ఇంకో చివర అనుమానం ఉన్న చోట పెట్టి వినండి. "స్‌స్" మని స్పష్టంగా తెలుస్తుంది. కార్బ్ క్లీనర్ చల్లి ఆర్‌పీఎం మారుతుందా చూడటం అందరూ చేసేదే. నాకు మాత్రం వేడి ఎగ్జాస్ట్ పక్కన అది చల్లడం ఇష్టం లేదు, సాదా నీటి స్ప్రేతోనూ చాలా లీకులు దొరుకుతాయి.

తప్పక చూడాల్సిన చోట్లు:

- కార్బురేటర్ కింద ప్యాకింగ్, థ్రాటిల్ షాఫ్ట్ రెండు చివరలు
- ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్
- పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపేది), దాని గొట్టం. తీసి ఊపితే లోపల గలగలమనాలి.
- బ్రేక్ బూస్టర్. పెడల్ తొక్కి పట్టుకుంటే స్లో మారిపోతుందా?
- డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రమ్. గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూయండి, పట్టు నిలవాలి.
- ఈజీఆర్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటోందా

వీ ఇంజిన్లలో ఇన్‌టేక్ ప్యాకింగ్ అడుగు వైపు, ఇంజిన్ లోయలోకి పోయిందంటే పైనుంచి ఏ స్ప్రే చల్లినా దొరకదు. అప్పుడు పీసీవీ గొట్టం తీసి రెండు చివరలూ మూసి, బ్రీదర్ (ఇంజిన్‌కు గాలి ఆడే రంధ్రం) కూడా మూసి, ఆయిల్ పోసే రంధ్రం మీద అరచెయ్యి పెట్టండి. మామూలుగా లోపలి నుంచి కొద్దిగా ఊదాలి. చేతిని లోపలికి పీలుస్తుంటే లోపం దొరికినట్టే.

8. పెట్రోల్ దారి

గాజు సీసాలో కొంచెం పెట్రోల్ పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా తేరుకుంటాయి, తుప్పు పొడి కూడా కనబడుతుంది. నెలల తరబడి నిలబడిన బండి అయితే ట్యాంకు ఖాళీ చేయడమే నయం.

ఫిల్టర్ మార్చండి, బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. రబ్బరు లైన్లు పిసికి చూడండి. పాత రబ్బరు ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు మెత్తబడి, పీల్చే వైపు నొక్కుకుపోతుంది.

కార్బురేటర్ బండికి పంపు ఒత్తిడి మామూలుగా 4 నుంచి 7 పీఎస్ఐ. ఒకే ఇంజెక్టర్ బాడీ ఉన్న తొలితరం వాటికి 9 నుంచి 15 చుట్టూ, ప్రతి సిలిండర్‌కూ ఇంజెక్టర్ ఉంటే 35 పైన. ఒత్తిడి ఒక్కటే చాలదు, ధార కూడా ఉండాలి: కార్బురేటర్ పంపు అరనిమిషంలో దాదాపు అరలీటరు ఇవ్వాలి.

పరుగు మీద నీరసపడే బండిలో ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. మూత తీయగానే "హుస్స్" మని గాలి లోపలికి వెళ్లి, ఆ తర్వాత బండి బాగా లాగితే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. ఈ లోపానికి ఫ్యూయల్ పంపులు మార్చినవాళ్లున్నారు.

కార్బురేటర్ ఇక్కడికి వచ్చేదాకా ఆగాలి. మిశ్రమం స్క్రూ అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి అందరూ ముందు దాన్నే తిప్పుతారు, ఆ తర్వాత ఒక లోపం రెండవుతుంది. స్పార్క్, టైమింగ్, గాలి లీకులు తేలాకే ఇలా చేయండి:

1. స్క్రూ ఇప్పుడు ఎన్ని చుట్లలో ఉందో లోపలికి తిప్పుతూ లెక్కపెట్టి రాసుకోండి. తగలగానే ఆపండి, బిగిస్తే సూది మొన మీద గాడి పడుతుంది.
2. ఒకటిన్నర చుట్లు బయటికి తెచ్చి స్టార్ట్ చేయండి.
3. వాక్యూమ్ గేజ్ అన్నిటికంటే ఎక్కువ చూపేదాకా పావు పావు చుట్టు తిప్పండి.
4. స్లో స్క్రూతో ఆర్‌పీఎం సరిచేసి, మళ్లీ ఒకసారి 3వ మెట్టు.

స్క్రూ పూర్తిగా మూసినా ఇంజిన్‌లో తేడా లేకపోతే స్లో జెట్ దారి మూసుకుపోయింది, లేదా మెయిన్ జెట్ దారి నుంచి పెట్రోల్ కారుతోంది. అప్పుడు విప్పి కడగాలి. ఫ్లోట్ తీసి ఊపి చూడటం మరవకండి, ఇత్తడి ఫ్లోట్ లోపల పెట్రోల్ చేరితే చప్పుడవుతుంది.

ఇంజెక్షన్ బండిలో మొదటి పని కంప్యూటర్ దాచిపెట్టిన లోపాల కోడ్‌లు చదవడం. అమెరికాలో 1996 మోడల్ నుంచి తేలికపాటి పికప్‌లకు ఓబీడీ-2 (లోపాలను కోడ్‌లుగా చెప్పే ప్రామాణిక పద్ధతి) ఉంది. పీ0300 అంటే ఎక్కడపడితే అక్కడ మిస్, పీ0301 అంటే 1వ సిలిండర్, పీ0302 అంటే 2వది, అలా. పీ0171 వస్తే మిశ్రమం పల్చన, అంటే మళ్లీ గాలి లీకో, పెట్రోల్ తక్కువో. కోడ్‌లో పేరొచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేయకండి, అది చాలాసార్లు జరిగింది చెబుతోందంతే. ఇంజెక్టర్ పని చేస్తోందా లేదా అన్నది పొడవాటి స్క్రూడ్రైవర్ పిడికి చెవి ఆనించి వింటే తెలుస్తుంది: ఒక్కోటీ "టిక్ టిక్" మనాలి.

9. కంప్రెషన్

వేడి ఇంజిన్, నిండు బ్యాటరీ, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్, ఫ్యూయల్ రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలవాలి. ప్రతి సిలిండర్‌నూ 5, 6 స్ట్రోకులు తిప్పండి. థ్రాటిల్ మూసి కొలిచి ఇంజిన్ పోయిందని బెంగపడేవాళ్లు తక్కువేం లేరు.

పెట్రోల్ ఇంజిన్లలో ఎక్కువగా 120 నుంచి 180 పీఎస్ఐ మధ్య ఉంటుంది. అసలు చూడాల్సింది తేడా: తక్కువది ఎక్కువ దాంట్లో 75 శాతం కంటే కిందికి పోకూడదు.

తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. బాగా పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్. పక్కపక్కన రెండు సిలిండర్లు కలిసి తక్కువగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ మధ్యలో తెగి ఉండొచ్చు.

హెడ్ విప్పే ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య సందు) చూడండి. బిగుతుగా ఉన్న ట్యాపెట్ వాల్వ్‌ను పూర్తిగా మూయనివ్వదు. ఫీలర్ గేజ్‌తో పోయే పనికి హెడ్ దించుకోవడం ఎందుకు? ఆ తర్వాత వాల్వ్ కవర్ తీసి ఉండగానే ఇంజిన్ తిప్పించి, రాకర్లన్నీ సమానంగా లేస్తున్నాయా చూడండి. ఒకటి తక్కువ లేస్తే క్యామ్ అరిగింది.

గాలి కంప్రెసర్ అందుబాటులో ఉంటే, ఆ సిలిండర్‌ను రెండు వాల్వులూ మూసి ఉండే పై స్థానానికి తెచ్చి గాలి ఎక్కించండి. ఆ గాలికి ఇంజిన్ ఒక్కసారిగా తిరగొచ్చు, పుల్లీ దగ్గర చేతులు, పానాలు ఉంచకండి. కార్బురేటర్‌లోంచి వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లోంచి అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే చోట అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- వైర్లన్నీ ఒకేసారి పీకేయడం. ఒక్కొక్కటే తీసి, నంబరు వేసి, ఒక్కొక్కటే పెట్టండి.
- రెండు మూడు మార్పులు కలిపి చేయడం. బాగుపడినా ఏది పని చేసిందో తెలియదు. ఒక మార్పు, ఒక పరీక్ష.
- కొత్త పార్ట్ కాబట్టి మంచిదే అనుకోవడం. కొత్త క్యాప్, కొత్త కండెన్సర్ కూడా పాడైనవి వస్తాయి. పాతవి పారేయకుండా ఉంచి, తిరిగి పెట్టి పోల్చండి.
- రబ్బరు బూట్ వదిలి వైరు పట్టి లాగడం. లోపలి కార్బన్ తీగ తెగుతుంది. బూట్‌ను మెలితిప్పి తీయాలి.
- స్లో పెంచి కుదుపు కప్పెట్టడం. ఆటోమేటిక్ గేర్ బండిలో గేరు వేయగానే ముందుకు దూకుతుంది, అది ప్రమాదం.

11. డీజిల్ పికప్ అయితే

స్పార్క్ లేదు కాబట్టి అనుమానితులు మూడే: ఫ్యూయల్, గాలి, కంప్రెషన్. ముందు ఫిల్టర్‌లో నీళ్లు వదిలి, లైన్‌లో గాలి తీయండి. పారదర్శక గొట్టం ఒక ముక్క మధ్యలో పెడితే బుడగలు కంటికే కనిపిస్తాయి.

పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో ఇంజెక్టర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి, ఏది వదిలినా మార్పు రాదో చూడొచ్చు. కంటి అద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. కామన్ రైల్ ఇంజిన్ల (ఒకే ఉమ్మడి పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందేవి) మీద ఈ పని ఎప్పుడూ చేయకండి. ఆ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది, సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అలా తగిలితే గాయం చిన్నగా కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

12. బాగు చేశాక

- చల్లగా స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా స్లోలో వినండి.
- ఏ పరిస్థితిలో కుదుపు వచ్చిందో అదే పరిస్థితిలో నడపండి. ఎత్తులో వచ్చిందైతే ఎత్తు మీదే.
- వేడి మీద ఆపి, పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి.
- కొద్దిరోజుల తర్వాత ప్లగ్గులు ఒకసారి తీసి రంగు చూడండి.
- కార్బురేటర్, మానిఫోల్డ్ బోల్టులు, వేడి చల్లబడ్డాక మాన్యువల్ టార్క్‌కు మళ్లీ బిగించండి.
- వాక్యూమ్, కంప్రెషన్, టైమింగ్ అంకెలు తేదీతో సహా మాన్యువల్ మొదటి పేజీలో రాసి ఉంచండి. వచ్చేసారి పోల్చుకోవడానికి ఆ అంకెలే కావాలి.